బావ నడుముకు కట్టిన అయస్కాంతం

ఆ రోజు ఉదయం నేను మా బావను చెంప మీద కొట్టాను. మా అక్క చూస్తుండగానే కొట్టాను. అది ఒక తప్పు. కొట్టానన్న సిగ్గులో అతని నడుము తడిమి చూడకుండానే స్కానింగ్ గదిలోకి పంపించాను. అది అంతకన్నా పెద్ద తప్పు. మొదటి తప్పుకు అతని బుగ్గ మీద నా వేళ్లు తేలాయి. రెండో తప్పుకు అతని నడుము తెగింది, పక్కటెముక విరిగింది, గది నేల రక్తమైంది.

నాకు చెయ్యి ముందు లేస్తుంది, మాట తర్వాత వస్తుంది. ఈ సంగతి నాకు చాలాకాలంగా తెలుసు. తెలిసీ దాన్ని అదుపులో పెట్టుకునే ప్రయత్నం ఎన్నడూ గట్టిగా చేయలేదు.

శ్రీకాకుళంలో ఒక స్కానింగ్ సెంటర్లో ఎమ్మారై మిషన్ నడిపేవాణ్ణి. పుట్టింది భావనపాడులో, సముద్రం మీద బతికే ఇంట్లో. ఎమ్మెస్సీ అయ్యాక కొన్నేళ్లు ఒక ప్రయోగశాలలో పనిచేశాను. అక్కడ మేము ఇనుప రేణువులు తయారుచేసేవాళ్లం. ఆ రేణువు పక్కన తలవెంట్రుక పెడితే గులకరాయి పక్కన కొండను పెట్టినట్టు ఉంటుంది. దానికి పైన ఒక పూత పూసి రక్తంలోకి వదిలితే ఎమ్మారై బొమ్మలో తన జాడ చూపిస్తుంది. పూతకు మందు తగిలిస్తే మోసుకుపోతుంది. దిశ మారుతూ ఉండే అయస్కాంత బలంలో పెడితే వేడెక్కి, చుట్టూ ఉన్న కేన్సర్ కణాలను చంపుతుంది. ఒక్క రేణువు, మూడు పనులు. గాజు గిన్నెల్లో, ఎలుకల్లో ఆ మూడు పనులూ నా కళ్లతో చూశాను. మా ప్రాంతపు ఆసుపత్రిలో మనిషికి ఎక్కించేటప్పుడు మాత్రం దానికి ఒక్కటే పని. చూపించడం.

ఈ ఒక్క వాక్యం నేను మా వాళ్లకు సరిగ్గా చెప్పి ఉంటే ఇదంతా రాసే అవసరం ఉండేది కాదు.

ప్రయోగశాలలో నేను నిలదొక్కుకోలేకపోయాను. పై చదువు మధ్యలో ఆపేసి మిషన్ పని నేర్చుకుని వెనక్కి వచ్చాను. ఊళ్లో ఎవరైనా ఏం చేస్తున్నావని అడిగితే మిషన్ సంగతి తక్కువగానూ, రేణువుల సంగతి ఎక్కువగానూ చెప్పేవాణ్ణి.

బావ నాకంటే చాలా పెద్దవాడు. మీసాలు రాని వయసులో నేను మొదటిసారి అతని పడవ ఎక్కాను. వలలో సోరచేప పడింది. నేలమీద కనిపించే చచ్చిన సోరను చూసి అదేదో మెత్తటి జంతువనుకునేవాణ్ణి. పడవలోకి లాగాక అది ఒళ్లంతా కొరడాలా విసిరింది. దాని పళ్లు నా కాలి పక్కన చెక్కను కొరికాయి. బావ తెడ్డు తిరగేసి దాని తలమీద కొట్టాడు. ఒక దెబ్బకు అది ఆగలేదు. కన్ను పగిలింది, దవడ ఊడి వేలాడింది, అయినా కొరుకుతూనే ఉంది. అతను కొడుతూనే ఉన్నాడు. తెడ్డు విరిగాక పిడికిలితో కొట్టాడు. చివరికి రక్తంలో కూర్చుని ఆయాసపడుతూ నా కాలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏటీ అవనేదు. ఏడవకు," అన్నాడు. అతని పిడికిలి చర్మం అంతా లేచిపోయి ఉంది.

అలాంటి మనిషికి కాలేయంలో గడ్డలు వచ్చాయి. పొట్ట లోపలికి పోయి కళ్లు పచ్చబడ్డాయి. విశాఖపట్నంలో చూసిన డాక్టరు ఒకటే మాట చెప్పాడు. గడ్డలు కాలేయంలో ఒక పక్కనే ఉంటే ఆ పక్క కోసి తీసేయవచ్చు. రెండో పక్కకూ పాకితే కత్తి పెట్టే ప్రసక్తి లేదు. మామూలు స్కాన్‌లో తేలలేదు. ఇనుప రేణువులు ఎక్కించి మళ్లీ ఎమ్మారై తీయమన్నాడు. బావ బతుకు ఆ బొమ్మ మీద ఆధారపడి ఉంది.

ఈ సంగతి చెప్పడానికి నేను ఊరు వెళ్లాను. సాయంత్రం పడవలు ఒడ్డుకు లాగి ఉన్నాయి. బావ, అతని తమ్ముడు, ఇంకొందరు వల బాగుచేస్తున్నారు. మా తీరంలో ఇసుక మీద నల్లటి చారలు ఉంటాయి. ఆ నల్లిసుకలో ఇనుము ఉంటుంది. పక్కన పాడైపోయిన మైకు బాక్సు పడి ఉంటే దానిలోంచి గుండ్రటి అయస్కాంతం ఊడదీశాను. నల్లిసుకలో పెడితే మీసాల్లా అంటుకుంది. అందరూ చుట్టూ మూగారు.

"ఈ ఇసుకని పిండి కన్నా పిండి సేసి నీ రక్తంలోకి ఎక్కిస్తారు బావా. అది తిన్నగా ఎల్లి రోగాన్ని పట్టుకుంటాది."

"పట్టుకుని?" అన్నాడు బావ.

"కాల్సేస్తాది."

"సోర్ని కొట్టినట్టా?"

"అంతే."

"మిషనీలో కూడా అయస్కాంతం ఉంటాదన్నావు?"

"దీనికి తాతలాంటిది."

ఎండుచేపలు అమ్మే ముసలామె ఒకామె బుట్ట దించి వింటోంది. ఊళ్లో అందరికీ ఆమె అత్తే. "రొమ్ములో గడ్డకీ పని సేస్తాదేట్రా?" అని అడిగింది.

"ఎక్కడున్నా పట్టుకుంటాదత్తా."

"ఓలమ్మో, మన గుంటడు మంత్రగాడైపోనాడే!" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు తియ్యగా ఉంది. ఆమె ఎందుకు అడిగిందో ఆలోచించలేదు. నేను చెప్పింది ఎలుకల సంగతి అని సరిదిద్దలేదు. అయస్కాంతాన్ని పడవ మీద వదిలేసి వచ్చేశాను.

ఆసుపత్రిలో డాక్టరు పర్యవేక్షణలో, స్కాన్‌కు ముందురోజు సాయంత్రం బావకు రేణువులు ఎక్కించారు. తుప్పు రంగు మందు సీసాలోంచి చుక్క చుక్కగా దిగుతుంటే అక్క దణ్ణం పెట్టిందట. మర్నాడు ఉదయం ఇద్దరూ మా సెంటర్‌కు వచ్చారు.

ఆ గదిలోకి ఇనుము వెళ్లకూడదు. మిషన్ ఆపినట్టు కనిపించినా దాని అయస్కాంతం ఎప్పుడూ బతికే ఉంటుంది. అందుకే లోపలికి పంపేముందు బట్టలు మార్పించి ఒళ్లు తడిమి చూస్తాం. మా వైపు మగవాళ్లతో అసలు ఇబ్బంది మొలతాడు దగ్గర వస్తుంది. పెళ్లాం పోయిన రోజునే మగవాడి మొలతాడు తెంపుతారు. ఆమె బతికుండగా దాన్ని తెంపించుకోమంటే ఎవరూ ఒప్పుకోరు. వేటకు వెళ్లేవాళ్లు అది తెగకుండా వల అల్లే నైలాన్ తాడుతోనే కట్టుకుంటారు. నేనూ ఆ ఇళ్లలోనివాణ్ణే కనుక ఒక పద్ధతి పెట్టుకున్నాను. తాడు తియ్యమని అడగను. దాని పొడవునా వేళ్లతో తడిమి, బిళ్లలు గానీ తాయెత్తులు గానీ లేవని చూసుకుని పంపిస్తాను.

బావ గౌను వేసుకున్నాడు గానీ దానికింద నడుముకు తువ్వాలు చుట్టుకునే ఉన్నాడు.

"తువ్వాలు తీసీ బావా. మొలతాడు ఓసారి సూడాలి."

"నా మొలతాడుతో నీకేటి పని?"

"అందరివీ సూస్తాను. బిళ్లలేటైనా ఉంటే తియ్యాలి."

"ఏటీ నేవు."

నేను చెయ్యి చాపాను. అతను నా మణికట్టు పట్టుకున్నాడు. జబ్బు మనిషే గానీ వల లాగిన చెయ్యి. ఎముకలు కలుక్కుమన్నాయి.

"మీ అక్క సచ్చిందేట్రా, మొలతాడు మీద సెయ్యేస్తన్నావు?"

తలుపు తెరిచే ఉంది. బయట కుర్చీల్లో ఉన్నవాళ్లు తొంగిచూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. అక్క తలుపు దగ్గరకు వచ్చి, "పోన్లేరా, ఆయన్నొగ్గీ," అంది.

"నువ్వుండక్కా. నీకేటి తెలుసు. డాక్టర్లు సెప్పిందే సేస్తన్నాను."

బావ నా చెయ్యి విదిలించేశాడు. "డాక్టర్లు సెప్పనీ. నువ్వు డాక్టరువేటి? బొమ్మలు తీసుకునేవోడివి."

నన్ను బొమ్మలు తీసుకునేవాడని ఇంకెవరన్నా నవ్వి ఊరుకునేవాణ్ణేమో. ఊళ్లో ఎవరి ముందు నేను అంత గొప్పలు చెప్పుకున్నానో ఆ మనిషే ఆ మాట అన్నాడు. నా చెయ్యి లేచింది. చప్పుడు గదంతా వినిపించింది. బావ తల గోడకు తగిలింది. పెదవి చివర సన్నగా రక్తం వచ్చింది.

అతను తిరిగి కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. నాకేసి ఒకసారి చూసి, రక్తాన్ని నాలుకతో తుడుచుకుని, "అయిపోనాదా? ఎక్కడికి రావాలో సెప్పు," అన్నాడు.

ఆ మాట తర్వాత అతని నడుము మీద మళ్లీ చెయ్యి వేసే ముఖం నాకు లేదు. ఏదో గొణిగి, ముందు నడిచి లోపలి తలుపు తెరిచాను. అతన్ని బల్ల వైపు వెళ్లమని చూపించి పక్కనున్న దిండ్లు సర్దుతున్నాను.

గుమ్మం దాటాక అతను ఒక్క క్షణం ఆగి, తువ్వాలు గట్టిగా పట్టుకున్నాడు. "ఏదో గుంజుతన్నాది," అన్నాడు. నేను తలెత్తేలోపు ఇంకో అడుగు వేశాడు. ఆ అడుగు పూర్తి కాలేదు. అతని నడుమును ఎవరో కొక్కెం వేసి లాగినట్టయింది. మనిషి గాల్లోకి లేచాడు. తల వెనక్కి, కాళ్లు వెనక్కి, నడుము ముందుకు. మిషన్ నోటి అంచుకు ఛాతీ అడ్డంగా కొట్టుకుంది. ఎముక విరిగిన చప్పుడు, ప్లాస్టిక్ తొడుగు పగిలిన చప్పుడు కలిసి వినిపించాయి. నుదురు అంచుకు తగిలి చీరుకుపోయింది.

అతను కింద పడలేదు. అక్కడే అతుక్కుని వేలాడాడు. గౌను చిరిగి కనిపించింది. మొలతాడుకు గుడ్డసంచి ఒకటి కుట్టి ఉంది. ఆ సంచి మిషన్‌కు అంటుకుపోయి ఉంది. తాడు అతని ఎడమ నడుములోకి దిగిపోయి, మాంసాన్ని కోస్తోంది. అతను సోరలా కొట్టుకుంటున్నాడు. కొట్టుకున్న కొద్దీ తాడు ఇంకా లోపలికి దిగుతోంది.

గోడ మీద ఎర్ర బటన్ ఉంది. ప్రాణాపాయం వస్తే దాన్ని నొక్కాలి. అయస్కాంతం చచ్చిపోతుంది. మిషన్ మళ్లీ లేవడానికి చాలాకాలం పడుతుంది, బోలెడు ఖర్చవుతుంది. నా చెయ్యి దాని దగ్గరకు వెళ్లింది. అప్పుడు మా సెంటర్ యజమాని ముఖం గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి వచ్చింది. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ మొదటిసారి చెబుతున్నాను.

అరుపులకు నర్సు కత్తెర పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఉక్కు కత్తెర. ఇంకో అడుగు లోపలికి వేస్తే అది ఆమె చేతిలోంచి ఎగిరి వచ్చి బావ వీపులో దిగేది. చెప్పే సమయం లేక ఆమెను రెండు చేతులతో వెనక్కి తోశాను. ఆమె గుమ్మం బయట గోడకు కొట్టుకుని పడిపోయింది. కత్తెర బయటే పడింది.

ఆ తాడు చేతితో తెగదు. నేను మోకాళ్ల మీద కూర్చుని బావ నడుముకు నోరు ఆనించి తాడు కొరికాను. చిన్నప్పుడు వల దారం అలాగే తెంపేవాళ్లం. ఇది ముప్పేట తాడు. రక్తంతో జారిపోతోంది. బావ పిడికిలి నా వీపు మీద, మెడ మీద పడుతోంది. నన్ను కొడుతున్నాడో పట్టుకుంటున్నాడో తెలియలేదు. ఒక పేట తెగింది. నా ముందుపన్ను విరిగి నోట్లోనే పడింది. ఉమ్మడానికి కూడా ఆగకుండా మళ్లీ కొరికాను. చివరి పేట తెగగానే ఇద్దరం నేలమీద పడ్డాం. సంచి మిషన్‌కే అంటుకుని ఉండిపోయింది.

గుమ్మంలో అక్క నిలబడి ఉంది. నా నోట్లో వేలాడుతున్న తెగిన మొలతాడును చూసింది. గుండెల మీద రెండు చేతులతో బాదుకుని, "నన్ను సంపేసావురా!" అని ఒకే ఒక్క కేక వేసింది.

ఆసుపత్రిలో అతని నడుముకు దారంతో కుట్లు వేశారు. లోపల రక్తస్రావం లేదని, పక్కటెముక దానంతటదే అతుకుతుందని చెప్పారు. వరండాలో అక్క నా ఎదురుగా కూర్చుంది. ఆమె చీరకు నా రక్తమో, బావ రక్తమో అంటింది.

"ఆ సంచిలో ఏటుందక్కా?"

"నీకు తెలీదేటి? పడవ మీద నువ్వొగ్గేసిన అయస్కాంతమే."

"దాన్నెందుకు కట్టుకున్నాడు?"

"నువ్వే గదరా సెప్పావు, ఇనుము రోగాన్ని పట్టుకుని కాలుస్తాదని. మిషనీలో అంత పెద్ద అయస్కాంతం ఉన్నాదన్నావు. అది రక్తంలో ఇనుమంతా గుంజేసుకుంటే రోగాన్ని ఎవలు కాలుస్తారు? అందుకే ఆయన లంగరు ఏసుకున్నాడు. ఇనుము సోటు మారకుండా. సంచి నానే కుట్టాను. నీకు సెప్తే తీయించేస్తావని సెప్పనేదు." ఆమె గొంతు ఒక్కసారిగా పెరిగింది. "నువ్వు సెప్పిందే సేసాం! నువ్వు సెప్పిందే సేస్తే కొడతావేట్రా!"

అంతలో అక్క ఫోన్లో చెప్పింది విని బావ తమ్ముడు ఊరినుంచి వచ్చాడు. ఒక్క మాట అడగలేదు. నా కాలరు పట్టుకుని గోడకు వేసి కొట్టాడు. కడుపులో మోకాలు దించాడు. కింద పడ్డాక తన్నాడు. "మా అన్న సెంప మీద కొడతావా? నీ కాలు సోర తినకుండా కాపాడినోడి సెంప మీదా?" నేను చేతులు ఎత్తలేదు. ఎత్తకుండా ఉండడం నా జీవితంలో అదే మొదటిసారి. అక్క ఆపలేదు. చాలాసేపటికి ఆమే, "సాలు, ఒగ్గీ. ఈడూ సచ్చిపోతే ఇంకో పీడ," అంది.

అదే వరండాలోంచి యజమానికి ఫోన్ చేశాను. రోగి ఇనుము దాచి తెచ్చాడని రాసి ఇస్తే సరిపోతుందన్నాడు. నేను అతన్ని కొట్టానని, తడిమి చూడకుండా పంపించానని చెప్పాను. రేపటినుంచి రావద్దన్నాడు. నర్సు చెయ్యి బెణికిందని తర్వాత తెలిసింది. ఆమె ఇంటికి వెళ్లి క్షమించమన్నాను. ఆమె తలుపు సగమే తెరిచి విని, మూసేసింది.

మర్నాడు ఉదయం అసలు సమస్య బయటపడింది. విజయనగరంలో ఇంకో సెంటర్‌ వాళ్లు ఆ రోజే స్కాన్ తీస్తామన్నారు. ఇనుము కాలేయంలో ఉన్న కొద్దిరోజుల్లోనే తీయాలి. బావ మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ, "నాను రాను," అన్నాడు.

"రాకపోతే ఎలాగన్నా?" అన్నాడు తమ్ముడు.

"ఇనుము ఒంట్లోకి ఎక్కిపోనాది గదా. దాని పని అది సేస్తాది. ఇంక మీ మిషనీలూ వద్దు, మీ బొమ్మలూ వద్దు. ఇంటికెల్లిపోదాం."

అక్క నావైపు చూసింది. ఆమె కళ్లలో కూడా అదే నమ్మకం ఉంది. ఆ నమ్మకాన్ని నేనే పెట్టాను. దాన్ని అలాగే వదిలేస్తే బావ హాయిగా ఇంటికి వెళ్లి, ఇనుము రోగాన్ని కాలుస్తోందని ఎదురుచూస్తూ చచ్చిపోతాడు.

"అది ఏ పనీ సెయ్యదు బావా," అన్నాను.

"ఏటీ?"

"కాల్సదు. రోగాన్ని అది పట్టుకోదు కూడా. బాగున్న కాలేయమే దాన్ని పట్టుకుంటాది. అందుకే బొమ్మలో బాగున్నదంతా నల్లగా వస్తాది. రోగమున్న సోట ఇనుము నిలవదు, ఆ సోటు తెల్లగా ఉండిపోతాది. ఆ తెలుపు ఎంత దూరం ఉన్నాదో సూడ్డానికే ఎక్కించారు. అంతే."

"మరి కాలుస్తాదన్నావు."

"ఎలకల్లో సూసాను. నీకు సెప్పేటప్పుడు ఎలకలని సెప్పలేదు."

"ఎందుకు?"

"గొప్ప కోసం."

పక్కన స్టీలు గ్లాసు ఉంది. పడుకునే విసిరాడు. నా చెవి కిందుగా తగిలి గోడకు మోగింది. విసిరిన ఊపుకు పక్కటెముక నొప్పితో అతను ముడుచుకుపోయాడు. అక్క పట్టుకోబోతే తోసేశాడు. నేను అక్కడే నిలబడ్డాను. వెళ్లిపోవాలనిపించింది గానీ అడిగితే జవాబు చెప్పేవాడు ఉండాలి కదా.

"అయితే ఇప్పుడు నా లోపల ఏటీ జరగటం నేదా?" అన్నాడు చివరికి.

"నేదు."

"కోస్తేనేనా?"

"కోయొచ్చో లేదో ఆ బొమ్మే సెప్పాలి."

అతను గోడవైపు తిరిగాడు. తర్వాత తమ్ముడితో, "బండి తెమ్మను," అన్నాడు. నాతో, "నువ్వు నా పక్కన కూకోకు," అన్నాడు.

నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. రణస్థలం దాటాక రోడ్డు గతుకుల్లో బావ మూలిగినప్పుడల్లా డ్రైవరు నావైపు చూసి నెమ్మదించేవాడు. విజయనగరంలో మిషన్ నడిపే అతనికి జరిగినదంతా చెప్పాను. కుట్లు దారంతో వేశారని, నడుమంతా మళ్లీ తడిమి చూడమని అడిగాను. బావ గౌను ఎత్తి నిలబడ్డాడు. మొలతాడు లేని నడుము చుట్టూ కట్టు మాత్రం ఉంది. అక్క మొహం పక్కకు తిప్పుకుంది. ఆ గుమ్మం దాటేముందు బావ ఆగాడు. కట్టు మీద చేత్తో ఒకసారి తడుముకున్నాడు. తర్వాత వెళ్లాడు.

అద్దం ఇవతల నిలబడి నేను తెర వైపు చూశాను. బొమ్మలు ఒక్కొక్కటే వచ్చాయి. కాలేయం నల్లగా, తడిసిన మా తీరం ఇసుకలా ఉంది. కుడిపక్కన తెల్లటి మచ్చలు. ఎడమపక్కంతా నలుపు. నాకు అర్థమైంది. అక్క నా భుజం పట్టుకుని, "ఏటి కనపడతన్నాది?" అని అడిగింది. నా నోరు తెరుచుకోబోయింది. మూసుకున్నాను. "డాక్టరు సెప్తాడక్కా," అన్నాను.

కోయవచ్చని విశాఖపట్నం డాక్టరు చెప్పాడు. పక్కటెముక అతికాక, ఇంకా కొన్ని పరీక్షలయ్యాక. బతుకుతాడని ఎవరూ రాసి ఇవ్వలేదు. అక్క నూలుదారం పేని అతనికి కొత్త మొలతాడు కట్టిందట. ఆ సమయానికి నన్ను పిలవలేదు. బావ నాతో ఇంకా మాట్లాడటం లేదు.

విజయనగరం నుంచి వచ్చిన మర్నాడు నేను భావనపాడు వెళ్లాను. పొద్దున్నే పడవలు ఒడ్డుకు చేరి, వేలం పాట ముగిసే వేళకు జనం ఎక్కువగా ఉంటారు. నేను అయస్కాంతానికి ఇసుక మీసాలు మొలిపించి చూపించిన చోటే నిలబడి, ఆ రోజు చెప్పింది అబద్ధమని చెప్పాను. బావ నడుము ఎలా తెగిందో, ఎవరివల్ల తెగిందో చెప్పాను. మొదట ఎవరూ వినలేదు. "ముందుపన్నేటైనాదిరా మంత్రగాడా?" అని ఎవరో అరిచారు, నవ్వులు లేచాయి. బావ తమ్ముడు వల వదిలి వచ్చి, "మళ్లీ ఏటి సెప్పడానికొచ్చావు?" అని గుండెలమీద గుద్దాడు. తడి ఇసుకలో వెల్లకిలా పడ్డాను. లేచి, ఆపిన చోటునుంచి మళ్లీ చెప్పాను. ఈసారి అతను పక్కకు జరిగి నిలబడ్డాడు.

అప్పుడు ఒకడు లుంగీ మడతలోంచి రేడియో అయస్కాంతం తీశాడు. మోకాలి నొప్పికి కట్టుకున్నాడట. ఇంకొకడు ఇంట్లోంచి తెచ్చి నా కాళ్ల దగ్గర పడేశాడు. తర్వాత ఇంకొందరు తెచ్చారు, మైకు బాక్సులవి, పాత రేడియోలవి. ఒకదానికొకటి టక్కుమని అతుక్కుని కుప్పయ్యాయి.

ఎండుచేపల అత్త కదలకుండా నిలబడి ఉంది. అందరూ వెళ్లాక నా దగ్గరకు వచ్చింది. వెనక్కి తిరిగి రవిక లోపల చెయ్యి పెట్టి, గుడ్డలో చుట్టిన అయస్కాంతం పైకి తీసింది. గుడ్డకు చీము మరక ఉంది.

"నాకూ సెప్పావు గదరా. ఎక్కడున్నా పట్టుకుంటాదని."

"సెప్పానత్తా. అబద్ధం సెప్పాను."

ఆమె దాన్ని నా ముఖంమీదికి విసిరింది. కనుబొమ దగ్గర చిట్లి, రక్తం కంట్లోకి దిగింది. ఆమె అక్కడే ఇసుకలో కూలబడి తిట్టడం మొదలుపెట్టింది. నన్ను, నా చదువును, నన్ను కన్న కడుపును తిట్టింది. నేను ఎదురుగా కూర్చుని అంతా విన్నాను. ఆమె గొంతు అయిపోయాక, "రేపు పెద్దాసుపత్రికి ఎల్దాం అత్తా. నాను తీసుకెల్తాను," అన్నాను.

ఆమె రానంది. రెండోసారీ రానంది. మర్నాడు తెల్లారాక ఆటో తీసుకుని వాళ్ల ఇంటిముందు నిలబడితే, బుట్ట పక్కన పెట్టి, కొప్పు ముడేసుకుని వచ్చి ఎక్కింది.

ఆసుపత్రి బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. చాలామంది ముందున్నారు.

"ఇక్కడేనా ఆ ఇనుము ఎక్కిస్తారు?" అని అడిగింది.

"ముందు సూస్తారత్తా. ఏటి సెయ్యాలో డాక్టర్లే సెప్తారు. నాకు తెలీదు."

ఆమె నా ముఖంలోకి అనుమానంగా చూసింది. లోపలినుంచి పిలిచారు. లేచి, చెవుల కమ్మలూ ముక్కుపుడకా తీసి నా చేతిలో పెట్టింది. అవి ఇక్కడ తియ్యనక్కర్లేదని చెప్పబోయి, ఆగి, గుప్పిట మూసుకుని ఆమె తిరిగి వచ్చేవరకూ అక్కడే కూర్చున్నాను.